రాజీనామాకు ముందు చేయాల్సిన పని: ఒక ఫైనాన్స్ మేనేజర్ కేసు

క్రైస్తవ విశ్వాసులైన ఉద్యోగులు నా దగ్గరికి తెచ్చే ప్రశ్నల్లో తరచుగా వినిపించేది ఒకటుంది: "ఈ ఉద్యోగంలో ఉండొచ్చా, మానేయాలా?" అడిగేసరికే చాలామంది మనసులో రాజీనామా సగం రాసేసుకుని ఉంటారు. నేను ఏళ్ల తరబడి ఇంటర్నల్ ఆడిట్‌లో పనిచేసి, ఆ తర్వాత ఉద్యోగస్తుల కౌన్సెలింగ్ పరిచర్యకు వచ్చాను. అందుకే లెక్కల విభాగాల వాళ్లను ఎక్కువగా నా దగ్గరికి పంపుతుంటారు. ఈ కేసును ఆ వ్యక్తి అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

కేసు

ఆమె యంత్రపరికరాలు తయారుచేసే ఒక కంపెనీలో ఫైనాన్స్ మేనేజర్. సంఘంలో కానుకల లెక్కలు కూడా ఆమే చూస్తుంది. ఆఫీసులో భోజన విరామంలో ఒక చిన్న ప్రార్థన గుంపు నడుపుతుంది. ఆర్థిక సంవత్సరం ముగియడానికి ఇంకా కొన్ని వారాలుండగా సేల్స్ హెడ్ వచ్చి, కొత్త ఏడాది మొదట్లో బయల్దేరాల్సిన ఒక పెద్ద ఆర్డరుకు పాత ఏడాది చివరి తేదీతో ఇన్‌వాయిస్ వేయమన్నారు. డైరెక్టర్‌గారికీ తెలుసన్నారు. ఆమె "ప్రార్థన చేసి చెప్తాను" అని ఊరుకుంది. ప్రార్థన చేసింది కూడా. ఉపవాసం ఉంది. నిద్ర పట్టడం లేదు. నా దగ్గరికి వచ్చినప్పుడు మొదటి మాటే, "అక్కా, రాజీనామా ఇవ్వాలనుకుంటున్నా. ప్రభువు నన్ను బయటికి పిలుస్తున్నాడేమో."

లెక్కలతో పరిచయం లేనివాళ్ల కోసం రెండు మాటలు. ఏ అమ్మకం ఏ ఏడాది లెక్కలోకి వస్తుందో తేల్చే గీతను కటాఫ్ అంటారు. సరుకు మీద అధికారం కొనుగోలుదారుడి చేతికి వెళ్లినప్పుడే అది అమ్మకం. ఈ ఆర్డరులో ఒప్పందం ప్రకారం సరుకు కొనుగోలుదారుడి సైటుకు చేరి, వాళ్లు దింపుకున్నాకే ఆ అధికారం మారుతుంది. కాబట్టి యంత్రం ఇంకా మన షెడ్డులో ఉండగా ఇన్‌వాయిస్ మీద ఏ తేదీ వేసినా అది అమ్మకం కాదు.

ఆమె ఫైల్‌లో ఒక డెలివరీ చలానా నకలు ఉంది. దాన్ని చూసినప్పుడు నాకు పాత రోజులు గుర్తొచ్చాయి. కొనుగోలుదారుడి పేరుంది, ఆర్డర్ నంబరుంది, పరికరాల జాబితా టైపు చేసి ఉంది. లారీ నంబరు లేదు. స్టోర్స్ సంతకం లేదు. తేదీ గడి ఖాళీ, పక్కన పెన్సిల్‌తో చిన్న టిక్. చలానా ముందే కొట్టి పెట్టుకుని, అవసరమైన తేదీ తర్వాత వేసుకునే ఏర్పాటది. "వేరువేరు తూనికరాళ్లు సంచిలో ఉంచుకోవద్దు" అని ద్వితీయోపదేశకాండం 25లో చెప్పింది సరిగ్గా ఇలాంటి దాని గురించే. అక్కడ రాళ్లు, ఇక్కడ తేదీలు.

తప్పా కాదా అన్నది ఆమెకు సందేహమే కాదు. సందేహం ఉన్నది తను ఏం చేయాలన్న దాంట్లో.

ముందు అంకెలు

నేను అడిగిన మొదటి ప్రశ్న ఆమెకు నచ్చలేదు. "ఈ ఆర్డరు తీసేస్తే ఎంత తక్కువ పడుతుంది?"

ఆమెకు తెలియదు. సుమారుగా చెప్పింది. అడగ్గా అడగ్గా బయటపడింది: బ్యాంకు రీకన్సిలియేషన్లు (మన లెక్కను బ్యాంకు లెక్కతో సరిచూడడం), కస్టమర్ల బాకీల పట్టికలు నెలల తరబడి వెనకపడి ఉన్నాయి. నెలవారీ లెక్కలు అంచనాల మీద నడుస్తున్నాయి. డైరెక్టర్ ఎందుకు కంగారు పడుతున్నారో కూడా ఆమె కనుక్కోలేదు. ఆయనకు "లోకం ఆశ" అనుకుంది. కనుక్కుంటే తేలింది వేరు. కంపెనీకి ఉన్న బ్యాంకు రుణంలో ఒక షరతుంది: లాభం వడ్డీకి ఇన్ని రెట్ల కన్నా తగ్గకూడదని. ఆ నిష్పత్తి తప్పితే బ్యాంకు మొత్తం రుణాన్ని వెంటనే కట్టమనే హక్కు వస్తుంది. డైరెక్టర్ టెన్షన్ అదీ.

ఇక్కడ దానియేలు మొదటి అధ్యాయం నాకు చాలాసార్లు పనికొచ్చింది. దాన్ని మన ప్రసంగాల్లో ధైర్యంగా కాదన్న కథగా చెప్తాం. చదివితే ఇంకొకటి కనిపిస్తుంది. రాజు పెట్టే భోజనం తినకుండా ఉండనివ్వమని దానియేలు ముందు అడిగాడు, తమను చూసుకునే అధిపతి కాదన్నాడు. ఎందుకంటే రాజు తన తల తీస్తాడన్న భయం ఆయనది. దానియేలు ఆ భయాన్ని ఎగతాళి చేయలేదు, ఆయన మీద కోపమూ పెట్టుకోలేదు. తమ మీద ఉంచిన నియామకుడి దగ్గరికి వెళ్లి 10 రోజుల పరీక్ష ప్రతిపాదించాడు: మాకు శాకధాన్యాదులు పెట్టి చూడు, తర్వాత నీకు తోచినట్టు చెయ్. అవతలి మనిషి తల పోకుండా తన మనస్సాక్షి నిలిచే దారి వెతికాడు. దానికి మొదట అవతలివాడి భయమేంటో తెలియాలి.

ఆరో అధ్యాయం ఇంకా సూటిగా ఉంటుంది. శత్రువులు దానియేలు పనిలో తప్పు వెతికారు, దొరకలేదు. నమ్మకస్థుడు, నిర్లక్ష్యం లేదు. పనిలో దొరకలేదు కాబట్టే ప్రార్థన మీద పడ్డారు. ఈమె పరిస్థితి తలకిందులు. ప్రార్థన మీద వేలెత్తే అవసరం ఎవరికీ లేదు, పనిలోనే కావాల్సినంత దొరుకుతుంది. ఈ స్థితిలో "నేను చేయను" అంటే "ముందు నీ రీకన్సిలియేషన్లు పూర్తి చేసుకోమ్మా" అంటారు. వాళ్లది న్యాయమైన మాటే.

ఇలా చెప్పినప్పుడు ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "భోజన విరామంలో గుంపు ఒక్కోసారి గంట దాటిపోతుంది అక్కా" అంది. ఆ సమయంలో ఫోన్లూ, బ్యాంకు మెయిళ్లూ చూసేది ఆమె కింద పనిచేసే కుర్రాడు. అతను విశ్వాసి కాదు. ఆమె పరిచర్యకు రోజూ అతని భోజన సమయం ఖర్చవుతోంది. గుంపు మానేయమని నేను అనలేదు. ఆఫీసు మొదలవకముందు పెట్టుకోమన్నాను. పెట్టుకుంది. ఇద్దరు ముగ్గురు రావడం మానేశారు. గుంపు మాత్రం ఆగలేదు.

మనలో "ఆఫీసులో సాక్ష్యం" అంటే బల్ల మీద వాక్యం కార్డు, పుట్టినరోజుకు ప్రార్థన, వీలైతే ఒక కరపత్రం. నాకు వీటి మీద విరోధం లేదు. కానీ కొలస్సయులకు రాసిన పత్రిక 3:23లో "ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా చేయుడి" అన్నది పని గురించి. అదీ దాసులతో అన్నది, ఉద్యోగం మారే స్వేచ్ఛ ఏమాత్రం లేనివాళ్లతో. ఒక అకౌంటెంట్‌కు ఆ వాక్యం ముందుగా తాకేది నెలాఖరు పట్టికలనే.

తర్వాతి కొన్ని వారాలు ఆమె చేసింది చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. కూర్చుని బాకీలు సరిచూసింది. సంఘం లెక్కలు తాత్కాలికంగా ఇంకొకరికి అప్పగించింది. చివరికి ఒక కచ్చితమైన అంకె చేతికొచ్చింది: ఆ ఆర్డరు లేకుండా నిష్పత్తి ఎంతకు పడుతుందో. అనుకున్నంత ఘోరంగా లేదు, కానీ షరతు మాత్రం తప్పుతుంది.

"నా విశ్వాసం ఒప్పుకోదు"

డైరెక్టర్‌తో ఈ మాటే చెప్పాలని ఆమె పట్టు. నేను వద్దన్నాను. దీని మీద నాతో ఏకీభవించని పాస్టర్లున్నారని తెలుసు, అయినా నా ఆలోచన మారలేదు.

ఆ మాట అబద్ధం కాదు. కానీ ఆఫీసులో అది వినిపించే తీరు వేరు. "ఇది నా సొంత పట్టింపు" అన్నట్టు వినిపిస్తుంది. పట్టింపు లేనివాళ్లకు ఆ పని అప్పగించేస్తే సరిపోతుందని అవతలివాళ్లకు అర్థమవుతుంది. ఇక్కడ సరిగ్గా అదే జరిగింది. ఆమె ఉపవాసంలో ఉండగానే సేల్స్ హెడ్ నేరుగా ఆమె కింద పనిచేసే కుర్రాడి దగ్గరికి వెళ్లి, సిస్టమ్‌లో డిస్పాచ్ తేదీ మార్చమన్నారు. అతను చివరికి మార్చలేదు, కానీ మార్చబోయాడు. "మేడమ్ ఏమీ అనలేదు కదా, సరే అనుకున్నారేమో అనుకున్నా" అన్నాడు. అతని ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు.

నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికన్నా బరువైన చోటు ఇది. తన చేతులు శుభ్రంగా ఉంచుకోవాలన్న ఆరాటంలో ఆమె మౌనంగా ఉంది. ఆ మౌనం వల్ల ఒత్తిడి ఆఫీసులో అందరికన్నా బలహీనుడి మీద పడింది. ఆమె రాజీనామా ఇచ్చి వెళ్లిపోయి ఉంటే ఆ తేదీ మార్చేది అతనే. రేపు ఆడిట్‌లో దొరికేదీ అతని యూజర్ ఐడీయే.

1 రాజులు 18లో ఓబద్యా ఉన్నాడు. అహాబు లాంటి రాజు ఇంట్లో గృహనిర్వాహకుడు. ఉద్యోగం మానలేదు. ఆ ఉద్యోగంలో ఉంటూనే, రాణి యెజెబెలు చంపించకుండా 100 మంది ప్రవక్తలను యాభై మంది చొప్పున గుహల్లో దాచి పోషించాడు. బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి సుంకరులు వచ్చి ఏం చేయాలని అడిగితే, లూకా 3లో ఆయన జవాబు ఉద్యోగం మానేయమని కాదు, నిర్ణయించినదాని కన్నా ఎక్కువ తీసుకోవద్దని. ఉండాలా వెళ్లాలా అన్నదానికి నేను ఆమెకు ఇచ్చిన కొలత ఇంతే: నువ్వు ఉండడం వల్ల ఎవరికైనా కాపుదల దొరుకుతుంటే ఉండు; నీ సంతకంతో అబద్ధం బయటికి వెళ్లాల్సి వస్తే సంతకం పెట్టకు, ఆ మాట రాతపూర్వకంగా పైవాళ్లకు చెప్పు, అప్పటికీ దారి లేకపోతే వెళ్లు.

ఆమె వృత్తి నియమాలు కూడా ఇదే వరస చెప్తాయి. అకౌంటెంట్ల అంతర్జాతీయ నైతిక నియమావళిలో చట్టాల ఉల్లంఘన కనబడితే ఏం చేయాలన్న భాగం 2017 జులై నుంచి అమల్లో ఉంది. ముందు పై అధికారితో, తర్వాత ఇంకా పైవాళ్లతో, అవసరమైతే బయటి అధికారులతో మాట్లాడే సంగతి అందులో ఉంది. రాజీనామా చేయడం ఈ మెట్లకు బదులు కాదని కూడా స్పష్టంగా ఉంది. ఈ భాగాన్ని ఆమె అంతకుముందు చదవలేదు. మత్తయి 18:15 మాత్రం కంఠస్థం: ముందు ఒంటరిగా, తర్వాత ఇద్దరు ముగ్గురితో, తర్వాత సంఘంతో. రెండింటి పోలిక చూసి ఆమె సంబరపడింది. నేను కాస్త నెమ్మదించమన్నాను. మత్తయిలో ఉన్నది సహోదరుణ్ణి సంపాదించుకోవడం గురించి. ఆఫీసు సంఘం కాదు, డైరెక్టర్‌ను ఆ వరసలో నిలబెడితే ఆయనకు అన్యాయం.

మేం ఇదంతా మాట్లాడుకున్న రోజే ఆమె రెండు లైన్ల మెయిల్ పెట్టింది: తన అనుమతి లేకుండా డిస్పాచ్ తేదీలు, ఇన్‌వాయిస్ తేదీలు ఎవరూ మార్చకూడదు, ఎవరడిగినా తన దగ్గరికి పంపాలి. సేల్స్ హెడ్‌కు కాపీ. దాంతో ఒత్తిడి కుర్రాడి మీద నుంచి ఆమె మీదికి వచ్చేసింది.

పాత తేదీలు

ఆ మెయిల్‌కు జవాబు వెంటనే వచ్చింది, మెయిల్‌లో కాదు, కారిడార్‌లో. "పోయినేడాది వేశారుగా మేడమ్, అప్పుడు లేని నియమం ఇప్పుడెక్కడిది?"

నిజమే. అంతకుముందు ఏడాది రెండు చిన్న ఆర్డర్లు, రెండు మూడు రోజుల తేడాతో. "అంత చిన్నది ఎవరు చూస్తారులే" అనుకుంది. నాతో మొదట ఈ సంగతి చెప్పలేదు. చెప్పినప్పుడు చాలా ఏడ్చింది. క్షమాపణ గురించి నేను చెప్పాల్సింది చెప్పాను, ఇద్దరం ప్రార్థించాం. కానీ అక్కడితో ఆపేయకూడదు. సుంకరి జక్కయ్య ఇంట్లో రక్షణ వచ్చిందన్న మాట లూకా 19లో వినిపించేది, అతను ఎవరికెంత తిరిగివ్వాలో అంకెల్లో చెప్పిన తర్వాత. దేవుని దగ్గర ఒప్పుకుని ఆడిటర్ల దగ్గర దాచుకుంటే ఆ రెండు ఆర్డర్లు ఎప్పటికీ సేల్స్ హెడ్ జేబులోనే ఉంటాయి.

ఆమె తనే డైరెక్టర్‌కు, ఆ తర్వాత ఆడిటర్లకు చెప్పింది. మొత్తం చిన్నది, పాత ఏడాది లెక్కలు తిరగరాసేంతది కాదు. ఆడిటర్లు దాన్ని తమ పట్టికలో నమోదు చేసుకున్నారు, నియంత్రణ బలహీనంగా ఉందని లేఖలో రాశారు. ఆమెకు రాతపూర్వకంగా హెచ్చరిక వచ్చింది. రావాల్సిందే.

గది లోపల

డైరెక్టర్‌తో మాట్లాడ్డానికి మేం ముందుగానే తయారయ్యాం. ఆయన "బిల్ అండ్ హోల్డ్ కింద చూపిద్దాం" అంటారని నా అంచనా. అలాగే అన్నారు. అంటే సరుకు మన దగ్గరే ఉన్నా అమ్మకంగా చూపే పద్ధతి. అమ్మకాల నమోదుకు సంబంధించిన అంతర్జాతీయ లెక్కల ప్రమాణం ఐఎఫ్ఆర్ఎస్ 15లో దానికి చోటుంది, కానీ నాలుగు షరతులూ నెరవేరాలి: అలా ఉంచడానికి అసలైన కారణం ఉండాలి (ఉదాహరణకు కొనుగోలుదారుడే కోరడం), సరుకు వాళ్లదిగా విడిగా గుర్తించి ఉండాలి, వెంటనే పంపడానికి సిద్ధంగా ఉండాలి, దాన్ని మనం వాడుకోవడానికి గానీ ఇంకొకరికి ఇవ్వడానికి గానీ వీలుండకూడదు. కొనుగోలుదారుడు అడిగింది లేదు. యంత్రానికి ఇంకా చివరి పరీక్షే కాలేదు. ఆమె షెడ్డుకు స్వయంగా వెళ్లి చూసొచ్చింది కాబట్టి ఈ మాట తడబడకుండా చెప్పగలిగింది.

తర్వాత తన ప్రతిపాదన పెట్టింది. బ్యాంకుతో ఇప్పుడే మాట్లాడదాం, ఏడాది ముగియకముందే. ఇక్కడ రోజులే కీలకం. లెక్కలను ఎలా చూపాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 1 ప్రకారం ఏడాది చివరి రోజుకు షరతు తప్పి ఉండి, అప్పటికి బ్యాంకు కనీసం 12 నెలల గడువు ఇవ్వకపోతే, ఆ రుణం మొత్తాన్ని వెంటనే కట్టాల్సిన అప్పుగా చూపాలి. వారం తర్వాత బ్యాంకు మినహాయింపు ఇచ్చినా ఆ ఏడాది లెక్కలకు పనికిరాదు. ఆమె మొదట వచ్చిన స్థితిలోనే, అంచనాలతో కాలం గడిపి ఉంటే, ఈ దారి మూసుకుపోయేది. బ్యాంకు నమ్మే అంకెలు చేతిలో ఉన్నాయి కాబట్టే దారి మిగిలింది.

డైరెక్టర్ కోప్పడ్డారు. ఆమె పనితీరు గురించి కొన్ని మాటలన్నారు, వాటిలో కొన్ని నిజాలు. ఆమె ఎదురు చెప్పలేదు. చివర్లో ఆయనే అడిగారట: "నేను వేయమంటే నువ్వు వేయవా?" ఆమె "వేయను సర్. నా దేవుని ముందు అబద్ధమాడలేను. మీరు కూడా ఆ కాగితం మీద సంతకం పెట్టకూడదనే ఇంత దూరం వచ్చాను" అంది. అడిగాక చెప్పింది. ముందే చెప్పి ఉంటే ఆ మాటకు అంత బరువు ఉండేది కాదని నా అభిప్రాయం.

తర్వాత

బ్యాంకు ఏడాది ముగియకముందే మినహాయింపు ఇచ్చింది. వడ్డీ కాస్త పెంచింది, ఫీజు తీసుకుంది. ఆర్డరు కొత్త ఏడాది అమ్మకంగా నమోదైంది.

అమ్మకాల లక్ష్యం అందకపోవడంతో బోనస్ తగ్గింది. సేల్స్ వాళ్లకే కాదు, స్టోర్స్‌లో, షాప్ ఫ్లోర్‌లో ఉన్నవాళ్లకూ. "నీ భక్తి మా బోనస్ తినేసింది" అని స్టోర్స్‌లో పనిచేసే ఒకాయన ముఖం మీదే అన్నారు. ప్రార్థన గుంపులో ఉన్నాయనే. తన బోనస్‌లోంచి కొంత ఇద్దామా అని ఆమె నన్ను అడిగింది. నేను వద్దన్నాను. అలా చేస్తే తప్పుడు ఇన్‌వాయిస్ వల్ల రావాల్సిన డబ్బు ఆమె బాకీ పడ్డట్టు అవుతుంది. కానీ ఆ స్టోర్స్ మనిషికి ఇంట్లో అవసరం ఉందంటే అది వేరే సంగతి, దానికీ దీనికీ ముడిపెట్టకుండా సాయం చేయొచ్చన్నాను. చేసిందో లేదో నేను అడగలేదు. నిజాయితీ ఖర్చు నిజాయితీపరుడే భరిస్తాడని మనం చెప్పుకుంటాం గానీ, జరిగేది ఎప్పుడూ అలా కాదు. పక్కవాళ్లూ భరిస్తారు, వాళ్లను ఎవరూ అడగరు. దీనికి నా దగ్గర ఆమెను ఊరడించే జవాబు లేదు, ఉన్నట్టు నటించలేదు కూడా.

సేల్స్ హెడ్ ఇప్పటికీ ముక్తసరిగానే మాట్లాడతారు. కుర్రాడు కొన్ని నెలల తర్వాత మంచి అవకాశం వచ్చి వెళ్లిపోయాడు. సంఘానికి రాలేదు, రావాలన్న షరతు ఈ పనిలో ఎక్కడా లేదు. వెళ్లే ముందు ఆమెను రిఫరెన్స్ అడిగాడు.

ఇంకో మార్పు నేను ఊహించలేదు. సంఘం లెక్కలు తిరిగి తీసుకున్నప్పుడు ఆమె పాస్టర్‌గారిని ఒక నియమం అడిగింది: కానుకలు ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి, ఇద్దరూ సంతకం చేయాలి. సంఘంలో కొందరు నొచ్చుకున్నారు. 2 రాజులు 12లో మందిరపు పనివాళ్లు నమ్మకస్థులని లెక్క అడగలేదు కదా అన్నారు. ఆమె అదే అధ్యాయంలో కాస్త పైన ఉన్నది చూపించింది: పెట్టెలో డబ్బు లెక్కపెట్టింది రాజు శాస్త్రి, ప్రధాన యాజకుడు, ఇద్దరూ కలిసి. పౌలు కూడా చందా సొమ్ము తీసుకెళ్లేటప్పుడు సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి వెంట పెట్టుకున్నాడు. ప్రభువు దృష్టిలోనే కాదు, మనుషుల దృష్టిలోనూ యోగ్యంగా ఉండాలని 2 కొరింథీయులకు 8లో కారణం కూడా రాశాడు. పాస్టర్‌గారు ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆదివారం లెక్క అయ్యాక ఇద్దరు సంతకం పెట్టిన చీటీ రిజిస్టర్‌కు పిన్ చేస్తున్నారు, నొచ్చుకున్నవాళ్లలో ఒకరు రెండో సంతకం పెడుతున్నారు.